కెంపికి సంబంధం

నా చిన్నప్పుడు మా ఇంటికి ఆడపిల్లల్ని అడగడానికి వచ్చేవాళ్ళకన్నా కుక్కపిల్లల్ని అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. పెనుకొండకు ఇవతల గుట్టల మధ్య ఉన్న మా పల్లెకు గోరంట్ల నుంచీ, ధర్మవరం పక్క ఊర్ల నుంచీ గొర్రెల కాపరులు నడిచి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. మా తాత వాళ్ళకు మజ్జిగ ఇచ్చేవాడు, మంద ఎట్లా ఉందని అడిగేవాడు. పిల్లను మాత్రం వెంటనే ఇచ్చేవాడు కాడు. "మళ్ళొక తూరి రాప్పా, చూస్తాం" అని పంపేసేవాడు.

ఆయనకు గొర్రెలున్నా పేరు మాత్రం కుక్కల వల్లే వచ్చింది. అప్పట్లో మా గుట్టల్లో తోడేళ్ళు తిరిగేవి. మంద బతకాలంటే మంచి కుక్క ఉండాలి. మంచి కుక్క దానంతట అది పుట్టదనీ, పుట్టించుకోవాలనీ తాత నమ్మకం. ఊర్లో తక్కిన వాళ్ళు ఆడకుక్క ఎదకు వస్తే వీధిలోకి వదిలేసేవాళ్ళు. తాత అట్లా కాదు. మొదటిసారి ఎదకు వచ్చినప్పుడు దాన్ని జత కట్టనిచ్చేవాడే కాదు. అదే ఇంకా పసిది, దానికి బిడ్డలేమిటని దొడ్డిలో కట్టేసి తనే కాపలా ఉండేవాడు. ఆ తర్వాత కూడా తొందర పడేవాడు కాడు. ఏ ఊర్లో ఎవరి దగ్గర ఎట్లాంటి మగకుక్క ఉందో సంతలో, జాతరలో విని మనసులో పెట్టుకునేవాడు. చెప్పకుండా పోయి దూరం నుంచి చూసేవాడు. ఒంటి రంగు, తోక వంపు ఆయనకు పట్టేవి కావు. తింటున్నప్పుడు గొర్రెపిల్ల దగ్గరికొస్తే అది గుర్రుమంటుందా, ఉరిమితే నిలబడుతుందా, దాని తల్లి పిల్లల్ని ఎట్లా సాకింది, ఇవీ ఆయనకు కావలసినవి. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోవాలనే సామెతను ఆయన కుక్కలకూ వాడేవాడు. అన్నిటికన్నా ముందు మాత్రం ఒకటే అడిగేవాడు. ఇది ఏ ఇంటి నుంచి వచ్చింది? తన కుక్కలతో ఏ మూలనైనా చుట్టరికం తగిలిందంటే అది ఎంత మంచి కుక్కయినా తువ్వాలు భుజాన వేసుకుని లేచి వచ్చేసేవాడు.

నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లో కెంపి ఉండేది. ఎర్రమట్టి రంగు, సన్నటి నడుము, మనిషి మాట వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి చూసేది. కెంపి తోడబుట్టిన మగ కుక్కపిల్లను హిందూపురం పట్టుగూళ్ళ వ్యాపారి ఒకాయన తీసుకుపోయి పెంచుకున్నాడు. ఆయన ఒకరోజు దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయనీ, ఈ రెంటికీ జత కడితే అదే రంగు, అదే రూపం తప్పకుండా వస్తుందనీ ఆయన ఆశ.

"అవి అన్నాచెల్లెళ్ళు కదప్పా" అన్నాడు తాత.

"కుక్కలకేమి వావీ వరసా పెద్దాయనా?" అని ఆయన నవ్వాడు.

"వాటికి తెల్దు. అందుకే మనం చూడాల" అన్నాడు తాత. ఆయన నవ్వలేదు.

ఆ వ్యాపారి పోయాక తాత నాకు ఒక సంగతి చెప్పాడు. తన వయసులో ఆయనా అట్లాంటి ఆశే పడ్డాడట. బాగా పేరున్న కుక్కకు దాని తోడబుట్టిన దాన్నే జత కట్టాడట. మొదటి ఈతలో పిల్లలు ముత్యాల్లా పుట్టాయి. ఊరంతా మెచ్చుకుంటే మళ్ళీ వాటిలో వాటికే కట్టాడు. ఆ రెండో ఈతలో ఒకదానికి కళ్ళు తెరుచుకోలేదు, కొన్నిటికి పాలు తాగే బలం లేదు. తల్లి వాటిని నాకి నాకి, చివరికి మూతితో పక్కకు నెట్టిందట. మొదటి ఈత బాగుంటుంది చూడు, మనిషి మోసపోయేది ఆడనే అన్నాడు. నేను ఆ మాట విన్నాను, ఆడుకోవడానికి పోయాను. అది నా లోపల ఎక్కడో ఉండిపోయిందని నాకే తెలియదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంటికీ, మా అవ్వ పుట్టింటికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మా అవ్వ తన కూతుర్ని, అంటే మా అత్తను, తన తమ్ముడికే ఇచ్చింది. తన అన్న కూతుర్ని నాయనకు చేసుకుంది. ఆమే మా అమ్మ. నేను పుట్టిన రోజునే నన్ను మా అమ్మ తమ్ముడికి అనుకున్నారు. చిన్నమామ వచ్చినప్పుడల్లా అందరూ నన్ను ఆట పట్టించేవాళ్ళు, నేను తలుపు వెనక దాక్కునేదాన్ని. అందులో ఎవరికీ వింత కనపడలేదు. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా అంతే.

మా అత్త ధర్మవరంలో ఉండేది. మామ మగ్గాల వాళ్ళ దగ్గర కూలి పని చేసేవాడు. అత్తకు పుట్టిన మొదటి ఇద్దరూ ఏడాది తిరక్కుండానే పోయారు. మూడోది ఆడపిల్ల బతికింది. ఆమెకు చెవులు వినపడవు, మాట రాదు. నాకన్నా కొంచెం పెద్దది, నాకు వదిన. సెలవులకు అత్త ఆమెను మా ఊరికి తెచ్చి వదిలేది. మేమిద్దరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. మా సైగలు మాకు తప్ప వేరే వాళ్ళకు తెలిసేవి కావు. తాత అంటే తలపాగా చుట్టడం. కెంపి అంటే తల పక్కకు వంచడం. నేనంటే ముక్కు చీదడం, నాకెప్పుడూ పడిశమే కాబట్టి.

ఆ ఏడు ధర్మవరంలో వదిన లారీ కింద పడబోయింది. వెనక నుంచి హారన్ కొడుతూనే ఉన్నారట, ఆమెకు వినపడలేదు. ఎవరో రెక్క పట్టి లాగితే మోకాలు చెక్కుకుపోయిందే గానీ గండం తప్పింది. ఈ కబురు తెలిసిన రోజు తాత సంగటి ముద్ద ముందు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. తర్వాత కొద్దిరోజులకు కెంపికి సంబంధం చూడను పోతాండా, వస్తావా పాపా అని నన్ను అడిగాడు. నేను ఎగిరి గంతేశాను.

రామగిరి వైపు నడిచాం. చెనక్కాయ చేలు పీకుతున్న రోజులు. దారంతా మట్టి వాసన, పచ్చి కాయల వాసన. తాత ఒక చేను గట్టున ఆగి, చెట్టు చాటు నుంచి చూడమన్నాడు. చేలో ఒక ఆమె కాయలు పీకుతోంది. దూరంగా వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి ఉంది. ఉయ్యాల కింద ఒక కుక్క పడుకుని ఉంది. నాకు దాన్ని చూడగానే ఏడుపొచ్చింది. నలుపూ బూడిదా కలిసిన మాసిన రంగు, ఒక చెవి చినిగి వేలాడుతోంది. మా కెంపికి ఇదా మొగుడు అనిపించింది.

తాత చెట్టు చాటు నుంచి బయటికొచ్చి ఉయ్యాల వైపు నడిచాడు. కుక్క లేచింది. మొరగలేదు, మీదికి రాలేదు. వచ్చి తాతకూ ఉయ్యాలకూ మధ్య అడ్డంగా నిలబడింది. తాత ఎటు జరిగితే అటు జరిగింది. అంతలో బిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టింది. కుక్క ఒక క్షణం తాతను చూసి, ఒక్క పరుగున చేలోకి పోయి ఆ తల్లి చీర కుచ్చెళ్ళు పట్టి గుంజింది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎవురప్పా మీరు? యాడ నుంచి వస్తాండారు?" అని గట్టిగా అడిగింది. తాత సంగతి చెప్పాక ఆమె ముఖం మెత్తబడింది. "దానికి ఎవురూ నేర్పలేదు తాతా. బిడ్డ గొంతు నాకు చేరేలోపలే అది వచ్చి లాగుతాది. దీని తల్లీ అంతే ఉండె" అంది. తాత ఆ తల్లికుక్క ఎక్కడిదని అడిగాడు. కదిరి అవతల నుంచి ఆమె పుట్టింటివాళ్ళు తెచ్చారట. మా కుక్కలకూ దానికీ ఎక్కడా కలవదు. తాత నేల మీద కూర్చుని చెయ్యి చాపాడు. కుక్క వచ్చి వాసన చూసి, ఆయన అరచేతిలో గదుమ ఆనించింది. ఆయన చాలాసేపు దాని చినిగిన చెవిని నిమురుతూ ఉండిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అలిగి వెనకబడ్డాను. తాత ఆగి, నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. ఈ తూరి తోడేలును కొట్టే కుక్క కాదు, బిడ్డ వినలేనిది తను విని లాగే కుక్క కావాల, అది మీ వదినకు అన్నాడు. అప్పుడు నాకు ఆ మాసిన రంగు కుక్క ఒక్కసారిగా అందంగా కనిపించింది. సంతోషంలో ఏవేవో మాట్లాడుతూ నడిచాను. రంగు కోసం అన్నాచెల్లెళ్ళకు కట్టమన్న ఆ వ్యాపారి ఎంత తెలివితక్కువ వాడో కదా అన్నాను. తాత చెప్పిన ఆ పిల్లల సంగతి, కళ్ళు తెరవని ఆ పిల్ల సంగతి గుర్తొచ్చాయి. చిన్నపిల్లలకు ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్న ఊరికే పుడుతుంది.

"మరి అత్తను అవ్వ తమ్మునికే ఏమిటికిచ్చినావు తాతా? అదీ ఒకే ఇల్లు కదా?" అన్నాను.

ఆయన నడక ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దారి పక్కన ఉన్న బండ మీద మెల్లగా కూర్చున్నాడు. తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన బట్టతల అంత వెలుతురులో నేను చూడడం అదే మొదటిసారి. గొర్రెల మంద ఒకటి మమ్మల్ని దాటి పోయింది.

"కుక్కలకు చూసినంత కూతురికి చూడలేదు పాపా" అన్నాడు. "ఇల్లు తెలిసిన ఇల్లు, బిడ్డ కండ్ల ముందర ఉంటాదని అనుకుంటి. అంతే."

తలపాగా గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళు, అందులోనూ తాత లాంటి మనిషి ఏడుస్తాడని నాకు తెలియదు. ఏమి చెయ్యాలో తెలియక ఆయన పక్కనే, ఆయన మోచేతిని పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త వచ్చి ఉంది. వదినను మా దగ్గర వదిలిపోవడానికి వచ్చింది. అవ్వ, అమ్మ, అత్త వంటింటి గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నారు. నాయన అరుగు మీద ఉన్నాడు. తాత కాళ్ళు కూడా కడుక్కోకుండా నడవలో నిలబడి, ఈ పాపను చిన్నమామకు ఇచ్చేది లేదు, ఈ రెండిళ్ళ మధ్య ఇక ఇచ్చేదీ తెచ్చేదీ లేదు, పుట్టే బిడ్డలు బాధపడుతున్నారు అని చెప్పేశాడు. ఇంతకాలం మనసులో ఉన్నది అప్పుడే మాటగా మారినట్టుంది, ఆయనకు ఎవరెవరు ఉన్నారో చూసుకునే నిదానం లేకపోయింది. అవ్వ చాట విసిరికొట్టి, నా పుట్టింటి రక్తాన్ని పాడు రక్తమంటావా అని లేచింది. అమ్మ కళ్ళలో తన తమ్ముడికి, తన తండ్రికి ఏమని చెప్పాలో అన్న భయం అప్పుడే కనిపించింది.

అత్త మాత్రం లేవలేదు. ఒలిచిన గింజల్ని చేత్తో కుప్ప చేస్తూ, తల దించుకునే అడిగింది.

"కుక్కల్ని ఏరినట్ల ఏరితే, నా బిడ్డ యాడుంటాది నాయనా?"

తాత నోరు తెరిచాడు, మాట రాలేదు. మా మధ్యలో కూర్చున్న వదిన అందరి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసి, ఏమైందని నన్ను సైగ చేసి అడిగింది. నేను ఏమీ లేదన్నాను. అత్త ఆ పూట అన్నం తినలేదు. వదిన చెయ్యి పట్టుకుని, దొరికిన బస్సుకే ధర్మవరం వెళ్ళిపోయింది.

ఆ మాటకు మా ఇల్లు చాలా పోగొట్టుకుంది. అమ్మ పుట్టింటివాళ్ళు మాతో తెంచుకున్నారు. అమ్మ రాయించిన కబుర్లకు జవాబు ఉండేది కాదు. మా అమ్మ తండ్రి చనిపోతే అమ్మకు చెప్పనైనా చెప్పలేదు. సంతకు వచ్చిన ఎవరో మాటల్లో చెబితే తెలిసింది. అప్పటికే అన్నీ అయిపోయాయి. అమ్మ ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, తడి కట్టెలు ఊదుతున్నట్టు ఊదుతూనే ఉంది. పొగకు కాదు ఆ కన్నీళ్ళని నాకు అర్థమైంది. తాత గడప దాకా వచ్చి నిలబడి, లోపలికి రాలేక వెనక్కి పోయాడు.

కెంపి ఈనింది. తాత ఆ పిల్లల్ని వారాల తరబడి గమనించాడు. ఒకటి మరీ దూకుడు, ఒకటి పిరికిది. తండ్రి మాసిన రంగు వచ్చిన ఒక పిల్ల మాత్రం, నేను ఆటకు ఏడ్చినట్టు చేస్తే ఆట మానేసి నా దగ్గరికి వచ్చేది. ఇదే అన్నాడు తాత. దాన్ని కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కాడు.

అత్త తలుపు తెరిచి మమ్మల్ని చూసి, లోపలికి రమ్మనకుండా వెనక్కి పోయింది. తాత అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడు. ఎండ అరుగు మీదికి ఎక్కింది, ఆయన జరగలేదు. కాసేపటికి వదినే బయటికొచ్చింది. కంబళి కదలడం చూసి దగ్గరికొచ్చి కూర్చుంది. పిల్ల బయటికి దూకి ఆమె పావడా అంచు నోట పట్టి గుంజింది. వదిన నవ్వింది. ఆ నవ్వుకు గొంతు ఉండేది కాదు, ఊపిరి మాత్రం గబగబా వచ్చేది. ఆ ఊపిరి లోపలికి ఎట్లా వినిపించిందో, అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి తాత పక్కన పెట్టింది.

"నీ బిడ్డను తప్పనలేదు తల్లీ" అన్నాడు తాత. "నేను చేసిన తప్పు నీ బిడ్డ మోస్తాండాదంటి."

"మోసేది నేను గదా నాయనా" అంది అత్త.

అంతే. అత్త ఆయనకు అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు. తింటున్నంతసేపూ ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పోయేటప్పుడు ఆయన చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టబోయి, ఏమనుకున్నాడో, వదిన తల మీద పెట్టాడు.

ఆ కుక్క వదిన వెంట చాలా ఏళ్ళు ఉంది. వీధిలో బండి వస్తే పావడా లాగేది, ఎవరైనా తలుపు తడితే వచ్చి చేతిని నాకేది. వదిన దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని మగ్గానికి దారం కండెలు చుట్టడం నేర్చుకుంది. తాత మాత్రం అది పెద్దదవడం పూర్తిగా చూడలేదు. ఆ తర్వాత వచ్చిన చలికాలంలోనే పోయాడు. అత్త వచ్చింది. ఏడవలేదు. పాడె లేచేటప్పుడు ఆయన తలపాగా గుడ్డ అడిగి తీసుకుని, మడిచి నడుములో దోపుకుంది.

తర్వాత నన్ను హిందూపురంలో, మాకు ఏ చుట్టరికమూ లేని ఇంటికి ఇచ్చారు. నా బిడ్డలు బాగున్నారు. చిన్నమామ వాళ్ళ అక్క కూతుర్నే, ఇంకో అక్క కూతుర్ని, చేసుకున్నాడు. వాళ్ళ బిడ్డలూ నిక్షేపంగా ఉన్నారు. మా అమ్మ ముసలితనంలో ఆ మాట తలుచుకుని, ఉత్త పుణ్యానికి నా పుట్టిల్లు పోగొట్టినాడు మీ తాత అనేది. నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. మొదటి ఈత బాగుంటుందని తాత అన్న మాట నాకు గుర్తొచ్చేది, కానీ తండ్రి చివరి చూపు దక్కని మనిషికి ఆ మాట ఎట్లా చెప్పేది?

అత్త పోయాక వదినను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇప్పుడు మేమిద్దరమూ ముసలివాళ్ళం. ఈమధ్య మా వీధిలో ఒకామె వచ్చి, కూతుర్ని తమ్ముడికి ఇవ్వాలనుకుంటున్నామని, ఆ ఇంట్లో ఇంతకుముందే రెండు మూడు సంబంధాలు అయ్యాయనీ చెప్పి నా మాట అడిగింది. నేను మా తాత సంగతి, మా ఇంటి సంగతి అంతా చెప్పాను. డాక్టరమ్మను కూడా ఒకసారి అడగమన్నాను. వదిన గడప దగ్గర కూర్చుని నా పెదవులనే చూస్తూ ఉంది. ఆమెకు మాట వినపడదు గానీ, ఇన్నేళ్ళ పెదవుల చదువు ఆమెది.

అడగడానికి వచ్చినామె పోయాక వదిన నా ముందుకొచ్చి కూర్చుంది. తలపాగా చుట్టినట్టు చేసింది, అంటే తాత. చెయ్యి అడ్డంగా ఊపింది, అంటే వద్దన్నాడు. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని తెరిచి గాల్లోకి చూపించింది. ఆ చేతిలో ఏమీ లేదు. తాత ఆ మాట ముందే అనుకుని ఉంటే తను ఉండేది కాదు కదా అని అడుగుతోంది. ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ రోజు మా నడవలో తాత ఎట్లా నోరు తెరిచి నిలబడ్డాడో నేనూ అట్లాగే ఉండిపోయాను. ఆయన చెప్పింది నిజం. అత్త అడిగిందీ నిజం. రెంటినీ కలిపే మాట ఆయనకు దొరకలేదు, ఇంత వయసొచ్చినా నాకూ దొరకలేదు. తెరిచి ఉన్న ఆమె చేతిలో నా చెయ్యి పెట్టి మూశాను.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి అడిగితే చెబుతాను. పుట్టబోయే బిడ్డల కోసం ఆ మాట చెప్పక తప్పదు. చెప్పే ముందు మాత్రం వదినను పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని, అప్పుడు మొదలుపెడతాను.